మార్చినట్టు రాసిన థ్రాటిల్

డ్రైవింగ్ మాస్టారు ఆ ఉత్తరాన్ని మొదటిసారి నిలబడే చదివాడు. రెండోసారి కుర్చీ లాక్కుని కూర్చుని చదివాడు. మూడోసారి కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివాడు. ఎన్నిసార్లు చదివినా అందులో ఉన్నది అదే.

కార్ల కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరం. కవరు మీద ఆయన భార్య పేరు ఉంది. ఆవిడ పోయి ఎనిమిది నెలలైందని కంపెనీకి ఎవరూ చెప్పినట్టు లేదు.

'మీ మోడల్ కార్లలో థ్రాటిల్ అనే భాగంలో లోపం ఉన్నట్టు గుర్తించాం. ఇంజన్‌లోకి గాలిని వదిలే మూత ఇది. బాగా వేడెక్కినప్పుడు దీని లోపలి ప్లాస్టిక్ చక్రం బీటలువారి, మూత తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోవచ్చు. అటువంటప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినా బండి వేగం తగ్గదు. ఈ కార్లన్నిటినీ వెనక్కి పిలిపించి ఆ భాగాన్ని ఉచితంగా మారుస్తున్నాం. మీ బండికి ఈ పని పూర్తయింది. కొత్త భాగం మీద తెల్ల గీత ఉంటుంది, గమనించగలరు. మీ సహకారానికి కృతజ్ఞతలు.'

కింద పని పూర్తయిన తేదీ వేశారు. ఆవిడ పోవడానికి పన్నెండు రోజుల ముందు తేదీ అది.

ఆవిడ కంటి ఆస్పత్రిలో పనిచేసేది. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీది అక్షరాలు చదివించి, ఏ అద్దం సరిపోతుందో చూసి చెప్పే పని. ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ దిగి, ఆస్పత్రి వెనక బండి తీసింది. బండి ముందుకు ఉరికింది. ఆవరణ దాటి, ఎదురుగా ఉన్న జనరేటర్ గది గోడను గుద్దేదాకా ఆగలేదు. పోలీసులు వచ్చి కొలతలు తీసుకుని, బ్రేకు తొక్కిన గుర్తులేవీ లేవన్నారు. రిపోర్టులో ఒకే వాక్యం రాశారు. 'బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కినందువల్ల ప్రమాదం జరిగింది.'

ఆ ఒక్క వాక్యమూ ఎనిమిది నెలలుగా మాస్టారి ఇంట్లో కాపురం చేస్తోంది. ఎందుకంటే ఆవిడకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళో సగంమందికి నేర్పినవాడు. మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఒకరోజు తన డ్రైవింగ్ స్కూలు ఆఫీసు తలుపు పక్కన నిలబడి ఉండగా, అవతల ఇద్దరు మాట్లాడుకోవడం చెవిన పడింది. "కట్టుకున్నదానికే బ్రేకెక్కడుందో చెప్పలేకపోయాడు పాపం." ఆ పాపం అన్న మాట దగ్గరే ఆయన లోపలికి వెళ్ళకుండా వెనుదిరిగాడు.

కాలేజీలో చదివే కూతురు అప్పటినుంచి స్టీరింగ్ ముట్టుకోలేదు. "అమ్మకి కంగారెక్కువ. నాకూ అదే వచ్చుంటుంది. నేను బస్సులో పోతాలే నాన్నా" అంటుంది. తల్లిని తప్పుపట్టినట్టూ ఉంటుంది, వెనకేసుకొచ్చినట్టూ ఉంటుంది.

ఇప్పుడీ ఉత్తరం. భాగం మార్చేశారంటే బండి మంచిదే. బండి మంచిదైతే తప్పు కాలిది. అంటే పోలీసుల వాక్యమే ఖాయం. అలా సరిపెట్టుకుని మడత పెట్టేయాల్సిన కాగితమే. కానీ ఒక్క సంగతి దగ్గర ఆయన మనసు ముల్లు గుచ్చుకున్నట్టు ఆగిపోయింది.

ఆ పని చేసిన సర్వీస్ సెంటర్‌లో ఫోర్మన్ ఎవరో కాదు, ఆవిడ సొంత తమ్ముడు. అక్క పోయిన రోజునుంచి నెలరోజులు ఈ ఇంట్లోనే తిన్నాడు, ఈ ఇంట్లోనే పడుకున్నాడు. ఇప్పటికీ ఆదివారం ఆదివారం వచ్చి మేనకోడలి సైకిల్‌కి గాలి కొట్టి వెళ్తాడు. అలాంటివాడు ఒక్కసారైనా, 'పన్నెండు రోజుల క్రితమే ఆ భాగం మార్చాను కదా బావా' అనలేదు. మార్చినవాడు అనకుండా ఎలా ఉంటాడు?

"ఏంటి నాన్నా, ఆ కాగితం?" అంది కూతురు లోపలినుంచి వస్తూ.

"ఏదో ప్రకటనలే" అన్నాడాయన. కూతురితో అబద్ధమాడడం ఆయనకు అలవాటు లేదు. అందుకేనేమో ఆ పిల్ల ఇంకో క్షణం ఆయన చేతుల వంకే చూసి వెళ్ళింది.

*

సర్వీస్ సెంటర్‌లో ఏడు బండ్లు గాల్లో లేచి ఉన్నాయి. ఎనిమిదోదాని కిందనుంచి ఫోర్మన్ బయటకు వచ్చాడు.

"రా బావా. చెప్పాపెట్టకుండా వచ్చావు. మీ స్కూలు ముసలిదానికి మళ్ళీ నడుం పట్టేసిందా?" అన్నాడు. స్కూలు కారుని వాడు అలాగే పిలుస్తాడు.

"దానికేం రాయిలా ఉంది. నీతోనే పని."

"ఉండు, టీ చెప్తాను."

"టీకేం తొందర. అక్క బండికి థ్రాటిల్ మార్చావట కదా."

ఫోర్మన్ చేతిలోని స్పానర్‌ను గుడ్డతో తుడవసాగాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది. "ఎవరు చెప్పారు?" అన్నాడు.

"మార్చావా అంటే ఎవరు చెప్పారంటావేంట్రా?"

"మార్చాం బావా. లిస్టులో ఉన్న బండ్లన్నిటికీ మార్చాం."

"మార్చాం అంటున్నావు. నువ్వు మార్చావా?"

"ఇక్కడ పదకొండుమందిమి పనిచేస్తాం. ఏ చెయ్యి ఏ బండి మీద పడిందో ఇన్ని నెలల తర్వాత ఎవడికి గుర్తుంటుంది చెప్పు."

మాస్టారు ఆ మాట నమ్మలేదు. అక్క బండి హారన్ శబ్దం నచ్చలేదని మూడుసార్లు హారన్ మార్చినవాడు వీడు. అద్దం మీద ఇంకొకడు గుడ్డ వేస్తే, 'గీతలు పడతాయిరా' అని లాక్కుని తనే తుడిచినవాడు. అక్క బండి మీద ఏ చెయ్యి పడిందో వీడికి గుర్తు లేదట.

వెళ్తూ వెళ్తూ ఆయన స్టోరు కిటికీ దగ్గర ఆగాడు. ఇనుప జాలీ వెనక స్టోరు చూసే ఆవిడ కూర్చుని ఉంది. రెండేళ్ళ క్రితం ఆయన దగ్గరే డ్రైవింగ్ నేర్చుకుంది.

"నమస్తే మాస్టారూ. మీరు నేర్పిన రివర్స్ ఇంకా నాకు లొంగలేదు. మొన్న కూడా వెనక్కెళ్ళి గోడకే..." అని, ఠక్కున నాలుక కరుచుకుంది. ఆవిడ ముఖం ఎర్రబడింది. "తప్పయింది మాస్టారూ."

"ఫర్వాలేదమ్మా. గోడలు అందరికీ ఉంటాయి" అన్నాడాయన. తర్వాత, ఏదో ఊసుపోక అడిగినట్టు అడిగాడు. "ఆ థ్రాటిల్స్ మార్చారు కదా, పాతవన్నీ ఏం చేస్తారు?"

నోరు జారిన చిన్నతనాన్ని కప్పుకోవడానికి ఆవిడ కాస్త ఎక్కువే మాట్లాడింది. కంపెనీవాళ్ళు ఒక్క పాత ముక్కను కూడా వదలరట. ఏ బండిది ఆ బండి నంబరు చీటీ కట్టి, పెట్టెలో పెట్టి తిప్పి పంపాలట. "లేకపోతే మేం మార్చకుండానే మార్చామంటామని వాళ్ళ అనుమానం. మామీద వాళ్ళకంత ప్రేమ" అంది.

"అన్నీ పంపేశారా?"

"లిస్టులో అరవై బండ్లు. యాభై తొమ్మిది ముక్కలు వెళ్ళాయి. అరవయ్యోది ఫోర్మన్‌గారు తర్వాత తెచ్చిస్తానన్నారు. అడిగితే ముఖం అదోలా పెడతారు. ఇక నేనూ అడగడం మానేశాను."

"అరవయ్యోది ఏ బండిదమ్మా?"

ఆవిడ అలవాటుగా రిజిస్టర్ తెరిచింది. పేజీ తిప్పింది. వేలితో వరస వెంట కిందికి వచ్చి, ఒక దగ్గర ఆగింది. రిజిస్టర్ మెల్లగా మూసింది.

"మీరు ఆయన్నే అడగండి మాస్టారూ" అంది, తల ఎత్తకుండా.

*

ప్రమాదం జరిగిన బండ్లను పోలీస్ స్టేషన్ వెనక ఖాళీ స్థలంలో పడేస్తారు. దానికి కాపలా ఉండే ముసలాయన రేకుల నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మాస్టారు బండి నంబరు చెప్పగానే లేచి ముందు నడిచాడు.

"ఇక్కడికొచ్చిన బండి మళ్ళీ ఇంటికెళ్ళడం నేను చూళ్ళేదు బాబూ. నేనూ అంతేలే. రిటైరయ్యాక కూడా ఇక్కడే పడున్నాను" అన్నాడు.

బండి చివరి వరసలో ఉంది. ముందు భాగం చొట్టలుపడి, బానెట్‌ను తీగతో కట్టేశారు. మాస్టారు కొంచెంసేపు వెనకవైపే నిలబడ్డాడు. వెనకనుంచి చూస్తే బండి బాగానే ఉంది. అలా చూస్తూ ఉండిపోతే బాగుండుననిపించింది. తర్వాత ముందుకు వెళ్ళి తీగ విప్పాడు.

ఆయన నేర్పేది బండి నడపడమే గానీ విప్పడం కాదు. అయినా ఉత్తరంలో బొమ్మ వేసి ఉంది. ఆ బొమ్మలో ఉన్న చోటును వెతికి పట్టుకున్నాడు. తెల్ల గీత కోసం చూశాడు. గీత లేదు. గీత ఉండాల్సిన మూతా లేదు. నాలుగు బోల్టులు తీసేసిన నాలుగు రంధ్రాలు ఉన్నాయి. గుద్దుకుని విరిగిన చోటు అలా ఉండదు. తెలిసిన చెయ్యి, తీరిగ్గా, సరైన స్పానర్‌తో విప్పిన చోటు అది.

"ఇందులోంచి ఒక ముక్క ఎవరో తీశారు" అన్నాడు.

"మీవాళ్ళేగా తీసింది" అన్నాడు ముసలాయన. "ప్రమాదం జరిగిన మూడోరోజే వచ్చాడు. మాది సర్వీస్ సెంటరు, పరీక్ష చేయాలి అని పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు. తమ్ముణ్ణన్నాడు. విప్పుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు. ఏడ్చేవాణ్ణి ఏమని ఆపుతాం చెప్పండి."

పుస్తకంలో సంతకం చూడాల్సిన అవసరం లేదు. అయినా మాస్టారు చూశాడు. కూతురి స్కూలు ఫారాల మీద, తను ఊళ్ళో లేనప్పుడల్లా సంరక్షకుడి గడిలో పడిన సంతకమే అది.

ఇంటికి వస్తూ దారిలో రెండు సిగ్నళ్ళు ఆయన చూసుకోలేదు. అలా దాటడం జీవితంలో అదే మొదలు. వాడు దొంగ. అక్క చితి ఆరకముందే వెళ్ళి, అక్క బండిలోంచి సాక్ష్యం పీకేశాడు. తన ఇంట్లో తింటూ, తన కూతురి సైకిల్‌కి గాలి కొడుతూ, ఎనిమిది నెలలు ఆవిడ కాలి మీద నింద అలాగే ఉండనిచ్చాడు. ఆదివారాలు వచ్చేది ప్రేమతో కాదేమో, ఎవరికేం తెలిసిందో కనిపెట్టడానికేమో. ఇలా ఒకటి వెనక ఒకటిగా పాత సంగతులన్నీ కొత్త రంగులో కనిపించసాగాయి.

*

మర్నాడు సెలవు. బావమరిది అద్దెకుండే మేడ మీది రెండు గదుల్లోకి మాస్టారు చెప్పులు విప్పకుండానే వెళ్ళాడు. వాడు కూరగాయలు తరుగుతున్నాడు. బావ కాళ్ళవైపు చూసి, కత్తి పక్కన పెట్టాడు.

"ఆ ముక్క ఎక్కడుంది?" అన్నాడు మాస్టారు.

వాడు ఏ ముక్క అని అడగలేదు. లోపలి గదిలోకి వెళ్ళాడు. స్టూలు జరిపిన చప్పుడైంది. పాత టవల్లో చుట్టిన మూటతో వచ్చి, బల్ల మీద పెట్టి, ముడి విప్పాడు. అరచేతిలో పట్టేంత ఇనుప ముక్క. మధ్యలో గుండ్రటి మూత, తలుపులా తెరుచుకుని ఉంది. తెల్ల గీత లేదు.

"మూసి చూడు" అన్నాడు ఫోర్మన్.

మాస్టారు వేలితో నొక్కాడు. మూత కదల్లేదు. బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కాడు. అయినా కదల్లేదు.

"ఇది ఇలా ఉండిపోతే బ్రేకు కూడా రెండుసార్లకి మించి పలకదు బావా. రాయిలా బిగుసుకుపోతుంది. అక్క తొక్కే ఉంటుంది. ఎంత తొక్కినా ఆగి ఉండదు."

"మార్చామన్నావు."

"మార్చలేదు."

మాస్టారు మూత మీంచి వేలు తీశాడు.

"కొత్త ముక్కలు అరవై వచ్చాయి" అన్నాడు వాడు. "ఒకటి దారిలోనే పగిలిపోయి వచ్చింది. అది ఇంకొకాయన బండికి రావాల్సింది. ఆయన ఆ రోజే దూరం వెళ్ళాలని నా నెత్తిమీద కూర్చున్నాడు. అక్క బండి పక్కనే ఉంది. అక్కకి రావాల్సింది తీసి ఆయనకి వేసేశాను. మనదే కదా, మనింటి బండే కదా, ఎప్పుడంటే అప్పుడు వేసుకోవచ్చు అనుకున్నాను. బయటివాళ్ళకైతే చచ్చినా అలా చేసేవాణ్ణి కాదు."

"మార్చినట్టు ఎందుకు రాశావు?"

"నెలాఖరుకి లిస్టు మూయాలని పైనుంచి ఒకటే ఫోన్లు. ఇంకో ముక్క వారంలో వస్తుందన్నారు. వచ్చాక వేసేద్దాం, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. వారం కాస్తా పదమూడు రోజులైంది."

"ముక్క వచ్చిందా?"

"వచ్చింది. అక్క పోయిన మర్నాడు."

మాస్టారు వాణ్ణి కొట్టాలని వచ్చాడు. మెట్లెక్కుతున్నంతసేపూ ఎక్కడ కొట్టాలో కూడా అనుకుంటూ వచ్చాడు. "దీన్నెందుకు దాచావు? చెత్తలో పారేస్తే నీ గొడవ వదిలేది కదా."

"దాచేద్దామనే తీశాను బావా. పారేయడానికి చెయ్యి రాలేదు." వాడు తువ్వాలు కొసను మెలిపెట్టాడు. "దాని గురించి అక్క నాకు చెప్పింది."

"ఏమని?"

"బండి ఒక్కోసారి తనంతట తనే ఉరుకుతోందిరా అంది. పోవడానికి నాలుగు రోజుల ముందు. నా గుండె గుభేలుమంది. బావకి చెప్పావా అని అడిగాను. రెండుసార్లు చెప్పానంది. నీ కాలు సరిగ్గా పడట్లేదు, మడమ కిందకి ఆన్చి కూర్చో అన్నావట. అక్కే నవ్వేసింది. మీ బావకి నేనింకా ఎల్ బోర్డేరా అంది." వాడు తలెత్తాడు. "బావ చూసి కాలే అన్నాడంటే కాలే అయ్యుంటుంది అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. లేకపోతే ఆ రాత్రే బండి తాళాలు లాక్కునేవాణ్ణి. నీ మీద నెపం పెట్టట్లేదు. ముక్క వేయనివాణ్ణి నేనే. కానీ నువ్వడిగావు కాబట్టి చెప్పాను."

మాస్టారు కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచాడు. కుర్చీ దొరికేసరికి కాస్త సేపు పట్టింది.

చెప్పిన మాట నిజం. మొదటిసారి ఆవిడ చెప్పినప్పుడు ఆయన పేపరు చదువుతున్నాడు. రెండోసారి ఆవిడ పక్కన కూర్చుని ఊరి చివరిదాకా వెళ్ళొచ్చాడు. ఆ రోజు బండి బుద్ధిగా నడిచింది. ఆయన పాఠం చెప్పాడు. ఇరవై రెండేళ్ళలో ఎంతమంది 'బండే ఉరికింది సార్' అనలేదు? అన్నవాళ్ళందరిదీ కాలే. ఎనిమిది నెలలుగా ఆ రెండు మాటల్నీ ఆయన మనసులో అడుగున తొక్కిపెట్టాడు. పోలీసుల వాక్యం ఎంత బాధ పెట్టినా, అది ఉన్నంతకాలం వాటిని పైకి తీయక్కర్లేకపోయింది. ఆ సంగతి ఇప్పుడే తెలిసింది.

"రోడ్డు భద్రతా ఆఫీసుకి రాద్దాం" అన్నాడు చివరికి. "ముక్క తీసుకురా. నీ ఉద్యోగం ఉండదు."

"తెలుసు బావా. ఎప్పుడు రమ్మంటావు?"

"ఇప్పుడే."

*

ఫిర్యాదు ఫారం నాలుగు పేజీలు. కూతురి చేతిరాత బాగుంటుందని ఆమెనే రాయమన్నాడు. మొదట ఆ పిల్లకి అన్నీ చెప్పాల్సి వచ్చింది. మావయ్యే చెప్పాడు, తలవంచుకుని, ఏదీ తగ్గించకుండా. అక్క తనకు చెప్పిందన్నాడు. బావకు చెప్పిందన్న మాట మాత్రం ఎత్తలేదు. ఆ పిల్ల లేచి వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళ కొళాయి చాలాసేపు పారింది. వచ్చి కూర్చుని, మావయ్య వంక చూడకుండా కలం మూత తీసింది.

బండి నంబరు, ఇంజన్ నంబరు, ప్రమాదం జరిగిన చోటు రాసింది. ఇనుప ముక్క బల్ల మీదే ఉంది. దానికి తగలకుండా కాగితాలు తిప్పుతోంది.

"పద్నాలుగో ప్రశ్న" అని చదివింది. "ప్రమాదానికి ముందు ఈ లోపాన్ని వాహనం నడిపినవారు ఎవరి దృష్టికైనా తెచ్చారా? తెస్తే ఎవరికి, ఏం చర్య తీసుకున్నారు?"

"నా పేరు రాయి అమ్మలూ" అన్నాడు మావయ్య. "చర్య ఏమీ తీసుకోలేదని రాయి."

ఆ పిల్ల రాసింది. "ఇంకెవరికైనా చెప్పిందా అమ్మ?" అంది.

ఫోర్మన్ బావవైపు చూడలేదు. కిటికీ అవతల వెళ్తున్న బస్సును చూస్తూ కూర్చున్నాడు. వాడు ఇక ఎప్పటికీ చెప్పడని మాస్టారికి అర్థమైంది. కావాలంటే పదిహేనో ప్రశ్నకు వెళ్ళిపోవచ్చు.

"నాకు" అన్నాడాయన.

కలం ఆగింది. "నీకా?"

"నాకు. రెండుసార్లు."

"నువ్వేమన్నావు?"

మాస్టారు చెప్పాడు. పేపరు చదువుతూ విన్న సంగతీ, పక్కన కూర్చుని పాఠం చెప్పిన సంగతీ, ఆవిడ దానికి ఎదురుచెప్పకుండా సరేనన్న సంగతీ, ఒక్కటీ మిగల్చకుండా చెప్పాడు. క్లాసులో చెప్పినట్టు నిదానంగా చెప్దామనుకున్నాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

కూతురు ఆయన ముఖంలోకి చూసింది. కోపమో, జాలో, ఇంకేదో ఆయనకు తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఆ పిల్ల మళ్ళీ కాగితంవైపు తలదించి, పద్నాలుగో ప్రశ్న కింద ఇచ్చిన రెండు గీతల్నీ కలంతో కొలిచినట్టు చూసింది.

"ఇదంతా ఇక్కడ పట్టదు నాన్నా."

"వెనక ఖాళీ ఉంటుంది. అక్కడ రాయి."

ఆమె కాగితం తిప్పింది. పైన పద్నాలుగు అని అంకె వేసి, మొదటి మాటకోసం ఎదురుచూస్తూ కూర్చుంది.